సముద్రపుటొడ్డున ఇల్లు: ముప్పు ఎవరి పద్దు?

ఉపాధ్యాయులం, విశ్రాంత ఉపాధ్యాయులం కొందరం కలిసి పెట్టుకున్న గృహనిర్మాణ సహకార సంఘం ఒకటి వున్నది. విశాఖపట్నం నుంచి భీమిలి దాటి భోగాపురం వైపు పోయే దారిలో, సముద్రానికి చేరువలో, ఆ సంఘం కొంత భూమి బేరమాడుతున్నది. సభ్యుల్లో చాలామంది ఈ పత్రిక పాఠకులే. సమ్మెల్లో జీతాలు పోగొట్టుకున్నవాళ్లు, అభ్యుదయ సాహిత్య సభలకు బల్లలు మోసినవాళ్లు. అంచేత ఇది మా ఇంటిగొడవే అయినా నలుగురిలో పెట్టి మాట్లాడదగిన గొడవ అని నాకు తోచింది.

క్రిందటి సర్వసభ్య సమావేశంలో ఒక మిత్రుడు పత్రం చదివారు. లెక్కల మాస్టారు. మంచివారు, నిదానస్తులు. వారి వాదం క్లుప్తంగా ఇది: ముప్పు భయపడవలసిన విషయం కాదు, కొలవవలసిన విషయం. దూరం, ఎత్తు, నీరు, కాగితం అనే నాలుగు కొలతలు చూసుకుని, మిగిలిన ముప్పు మేరకు ధర తగ్గించి అడిగితే, బుద్ధిమంతుడు సముద్రపుటొడ్డున నిశ్చింతగా ఇల్లు కట్టుకోవచ్చు. పత్రం పూర్తికాగానే సభ చప్పట్లు కొట్టింది. కొట్టినవాళ్లలో నేనూ వున్నాను. ఆ సాయంత్రమే అడ్వాన్సు కట్టినవాళ్లలోనూ వున్నాను. ఈ వ్యాసం ఆ చప్పట్లను వెనక్కు తీసుకోవడానికి రాస్తున్నాను.

ఇల్లు కోరడం తప్పని నేననడం లేదు. ముప్పయ్యేళ్లు అద్దెకొంపల్లో కాపురం చేసి, పదవీ విరమణ డబ్బు చేతపట్టుకుని నిలబడ్డ వుపాధ్యాయుడికి సొంతగోడ మీద ఆశ వుండడం న్యాయమే. నినాదంతో ఆయన నోరు మూయించే వుద్దేశం నాకు లేదు. మిత్రుడు చెప్పిన నాలుగు కొలతలనే, వరసగా, తీసుకుందాం. అవి ఎంతవరకు నిలుస్తాయో, ఎక్కడ విరుగుతాయో చూద్దాం.

మొదటిది దూరం. మా స్థలం సముద్రానికి ఇన్ని మీటర్లని పత్రంలో వున్నది. ఎక్కడినుంచి కొలిచారు? స్థలం చూడడానికి పోయినప్పుడు ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒక ముసలాయనను, ఇక్కడికి సముద్రం ఎంత దూరమని అడిగాను. "ఏ నెల్లో, మేష్టారూ?" అన్నాడాయన. భూగోళశాస్త్రం ముప్పయ్యేళ్లు పాఠం చెప్పిన నాకు తట్టని ప్రశ్న అది. తుఫాను రోజుల్లో కోసుకుపోయిన ఇసుక నెమ్మదించిన నెలల్లో కొంత తిరిగి వస్తుంది. ఒడ్డు అంటే గీత కాదు, ముందుకూ వెనక్కూ కదిలే ఇసుక.

ఆ ఇసుక పక్కకు కూడా నడుస్తుంది. మన తూర్పుతీరంలో, మొత్తంమీద లెక్కగడితే, దాని నడక దక్షిణాన్నుంచి ఉత్తరానికి. ఆ దారికి అడ్డంగా రాతికట్ట వేస్తే దక్షిణాన మేట వేస్తుంది, ఉత్తరాన కోత పడుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివరి పాతికలో మద్రాసు రేవుకు కట్టలు వేసినప్పుడు జరిగినది ఇదే. దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా విశాలమైంది, దొరలకూ తరువాత మనకూ షికారుకు పనికి వచ్చింది. ఉత్తరాన రాయపురం ఒడ్డు కరిగింది. అక్కడ వున్నది బెస్తలు. విశాఖలో 1970 దశకంలో బయటి రేవు కట్టిన తరువాత రామకృష్ణా బీచికి ఇసుక కరువై, తవ్వోడలు తోడిన ఇసుకను పోస్తూ దానిని నిలబెట్టవలసి వచ్చింది. కాకినాడ దగ్గర వుప్పాడ సంగతి చెప్పనక్కరలేదు. జాందానీ చీరలకు పేరుపడ్డ ఆ వూరు కొన్ని వీధులను సముద్రానికి ఒప్పచెప్పింది. పెద్ద పెద్ద సంచుల్లో ఇసుక కూరి వేసిన గోడ కూడా దెబ్బతిన్నది. ప్రతి పెద్ద తుఫానుకూ ఆ బీచిరోడ్డు తెగుతూనే వున్నది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 వరకు తీరాన్ని పరిశీలించి, దేశపు తీరంలో సుమారు మూడోవంతు కోతకు గురవుతున్నదని తేల్చింది. కాబట్టి దూరమనే కొలతకు ఈనాటి అంకె చాలదు. పాతికేళ్ల పటాలు పక్కపక్కన పెట్టి చూడాలి. దక్షిణాన ఏ కట్ట వున్నదో, ఏ కట్ట రాబోతున్నదో తెలుసుకోవాలి.

రెండవది ఎత్తు. ఈ విషయంలో మిత్రుని మాటలో నిజం లేకపోలేదు. తుఫాను వెంట వచ్చే వుప్పెన లోతు తక్కువైన సముద్రం మీద ఎత్తుగా లేస్తుంది. కృష్ణా గోదావరి నోళ్ల దగ్గర నేల పల్లం, సముద్రమూ మెరక. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ముంచినది ఆ వుప్పెనే. దివిసీమ తుఫానులో పదివేలమంది పోయారు. విశాఖ, భీమిలి ఒడ్డున సముద్రం తొందరగా లోతెక్కుతుంది, వెనక కొండలున్నాయి. అంచేత వుప్పెన భయం అక్కడికన్నా తక్కువ. అయితే 2014 అక్టోబరు 12న విశాఖమీద విరుచుకుపడ్డ హుద్ హుద్ గంటకు 180 కిలోమీటర్ల గాలితో వచ్చింది. గాలికి ఎత్తు అడ్డంకాదు, ఆహ్వానం. పైగా పత్రంలో చూపిన ఎత్తు ఇసుకదిబ్బలది. బాలబండి తీగా, మొగలి పొదలూ, సరుగుడు తోపులూ పట్టి నిలిపిన ఆ దిబ్బలే ఒడ్డుకు కోటగోడ. లేఅవుటు వేసేవాడు మొదట చేసే పని వాటిని చదును చేయడం. ఏ ఎత్తు చూపి స్థలాన్ని అమ్ముతున్నారో ఆ ఎత్తునే తొలగించి అమ్ముతున్నారన్నమాట!

మూడవది నీరు. మిత్రులు బావిలో నీరు రుచి చూసి తియ్యగా వున్నదన్నారు. ఉన్నది, నేనూ తాగాను. తీరంలో మంచినీరు వుప్పునీటిమీద తేలుతూ వుంటుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరు నిలిస్తే, కింద సుమారు నలభై మీటర్ల మేర అది వుప్పునీటిని అణచివుంచుతుందని శాస్త్రం. పైన ఒక మీటరు తోడేస్తే కింద నలభై మీటర్లు వుప్పు పైకి రావడానికి దారి తీస్తుంది. ఇవాళ ఆ బావి పదిళ్ల బిందెలకు ఆధారం. రేపు రెండువందల ఇళ్ల మోటార్లు దానిమీద పడితే, మొదట చవుడెక్కేది ఆ పదిళ్ల బిందె. మనం ట్యాంకరు తెప్పించుకుంటాం. వాళ్లు?

ఇదే వుప్పు గోడలోకీ పోతుంది. కాంక్రీటులోని ఇనుముకు తుప్పుపడితే అది వుబ్బుతుంది, పైపూత పగులుతుంది, పగులులోంచి మరింత వుప్పుగాలి పోతుంది. ఐ.ఎస్. 456 అనే మన కాంక్రీటు నియమావళి సముద్రతీర పరిస్థితిని తీవ్రమైనదిగా ఎంచి, ఎం-30కి తగ్గని కాంక్రీటు, ఇనుముమీద 45 మిల్లీమీటర్ల కప్పు వుండాలంటుంది. మేస్త్రీ మామూలుగా వేసే కొలత అది కాదు. ఈ ఖర్చు మిత్రుని అంచనాలో ఎక్కడా కనబడలేదు.

నాలుగవది కాగితం. ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి తీరప్రాంత నియంత్రణది. 1986 పర్యావరణ చట్టం కింద 1991 ఫిబ్రవరిలో వచ్చిన ప్రకటన, పోటు గీతనుంచి 500 మీటర్ల వరకూ నియంత్రణ పెట్టింది. పల్లెతీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త ఇళ్లు కూడదన్నది. 2011 ప్రకటన ఆ నిషేధాన్ని నిలిపి, 100కూ 200 మీటర్లకూ మధ్య బెస్తలవంటి తీరవాసులు ఇళ్లు వేసుకోవచ్చునన్నది. వాళ్ల బతుకు నీటి అంచున వున్నదని గుర్తించిన వెసులుబాటు అది. 2019 జనవరి ప్రకటన మరొక దారి తొక్కింది. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2161 మందికి మించి జనమున్న పల్లెతీరాల్లో నిషేధపు మేర 200 నుంచి 50 మీటర్లకు కుదించింది. ఒడ్డున జనసాంద్రత ఎక్కువైతే రక్షణ పెంచాలి. ఇక్కడ తగ్గించారు! సముద్రం వెనక్కు జరగలేదు, చట్టం ముందుకు జరిగింది. 1901 నుంచి 2018 వరకు ప్రపంచపు సముద్రమట్టం 20 సెంటీమీటర్లు పెరిగిందని అంతర్జాతీయ వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం తరువాత లెక్కతేల్చింది. ఆ పెరుగుదల సాగుతూవుండగానే ఈ కుదింపు జరిగింది. చట్టం అనుమతించినది క్షేమమని నమ్మేవారు ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడవలసివున్నది.

చట్టం అనుమతి ఇచ్చిందనుకున్నవారి గతి కూడా చూశాం. కొచ్చి దగ్గర మరడులో స్థానిక పంచాయతీ అనుమతులతో లేచిన నాలుగు అపార్టుమెంటు సముదాయాలు తీర నియంత్రణకు విరుద్ధమని 2019 మేలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2020 జనవరి 11, 12 తేదీల్లో వాటిని పేలుడుమందు పెట్టి కూల్చారు. మూడువందలకు పైగా ఫ్లాట్లు రెండు రోజుల్లో మట్టిదిబ్బలైనాయి. కొన్నవాళ్లు కాగితాలు చూసుకోలేదా? చూసుకున్నారు. ముద్ర కాగితంమీద వున్నది, గీత నేలమీద వున్నది. మన స్థలం సర్వే నంబర్లను ఆమోదం పొందిన తీరపటంమీద ఎవరైనా పెట్టి చూశారా, ఆ పటం 2011 ప్రకటన ప్రకారం వేసినదా, 2019 ప్రకారం వేసినదా అని నేను సంఘం కార్యదర్శిగారిని అడిగాను. దళారి చూసుకుంటాడన్నారు.

రెండవ ప్రశ్న ఆ భూమి పూర్వచరిత్ర. పేదలకు ప్రభుత్వం పంచిన భూమి చేతులు మారకూడదని 1977లో చట్టం వచ్చింది. తరువాత సవరణలు వచ్చాయి. అయినా తీరంలో ఇసుకనేల, బంజరు, డి-పట్టా అని తీసిపారేసిన భూములమీదనే ఇవాళ ప్లాట్ల రాళ్లు మొలుస్తున్నాయి. ఈసీలో పన్నెండేళ్ల లావాదేవీలు కనబడితే మావాళ్లు తృప్తిపడ్డారు. అంతకు ముందు అక్కడ వల ఎవరు ఆరేశారన్నది ఏ ఈసీలోనూ వుండదు.

సరే. ఈ నాలుగు కొలతలనూ ఇంకా నిక్కచ్చిగా చేశామనుకుందాం. పటం చూశాం, దిబ్బలు ముట్టుకోలేదు, కాంక్రీటు సరిగా వేశాం, కాగితాలు శుభ్రంగా వున్నాయి. అప్పుడు కొనవచ్చునా? మిత్రునితో నా అసలు తగాదా ఇక్కడ మొదలవుతుంది. ఆయన పత్రంలో ముప్పు అనే మాట ఇరవైసార్లు వచ్చింది. ప్రతిసారీ అది కొనేవాడికి కలిగే ముప్పు. కొనేవాడివల్ల ఇతరులకు కలిగే ముప్పుకు ఆ పత్రంలో కొలత లేదు, పేరు కూడా లేదు.

అంచనాలో ఒక పద్దు చూడండి: "రక్షణ గోడ". సముద్రం ముందుకు వస్తే రాతిగోడ వేసుకుందామని. గోడకు కొట్టిన అల దాని పాదం దగ్గర ఇసుకను తోడుతుంది, గోడ చివర పక్కవాడి ఒడ్డును కొరుకుతుంది. ఇసుక ఉత్తరానికి నడుస్తుందని పైన చెప్పాను. మన స్థలానికి ఉత్తరాన వున్నది జాలారుల వూరు. మన గోడ మన ప్లాట్లను పదేళ్లు కాపాడితే, ఆ పదేళ్లలో వాళ్ల పడవలు నిలిపే ఇసుక కరుగుతుంది. ముప్పు పోలేదు, చేతులు మారింది. మద్రాసు రేవు కథ మన సహకార సంఘం పేరున, చిన్న అచ్చులో, మళ్లీ జరుగుతుంది.

ఇంకొక సంగతి. లేఅవుటు నమూనాలో మన స్థలం చుట్టూ ప్రహరీ, ముందు ఇనుపగేటు, కావలివాడి గది వున్నాయి. ఆ వూరి ఆడవాళ్లు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కే కాలిబాట ఆ ప్రహరీ మధ్యగా పోతున్నది. నమూనాలో బాట లేదు. పడవలు ఎక్కించే చోట పచ్చరంగు పూసి "వినోద స్థలం" అని రాశారు. ఒక పని చేసుకునే జాగాకు వినోదమని పేరు పెట్టడమంటే ఆ పని చేసేవాళ్లను పటంనుంచి తుడిచివేయడమే. తరగతిలో వలసపాలన గురించి పాఠం చెప్పేవాళ్లం మనం. ఆ పటాన్ని మన కమిటీ ఏకగ్రీవంగా ఆమోదించింది.

ఇక్కడ మూడు ఆక్షేపణలు రావచ్చు.

మొదటిది: జాలారులు తరతరాలుగా ఒడ్డునే వుంటున్నారు కదా, వాళ్లకు లేని ముప్పు మనకేమిటి? ఉన్నది, వాళ్లకే ఎక్కువ వున్నది. 2004 డిసెంబరు 26 సునామీకి మన రాష్ట్రంలోనూ వందకు పైగా ప్రాణాలు పోయాయి. ఒడ్డున పని వున్నవాళ్లే ముందు దాని వాతబడ్డారు. వాళ్లు ఒడ్డున వుండేది కూడు కోసం. ఆకాశం రంగు మారితే పడవ లాగాలి, వల తీయాలి, అందుకు నీటి దగ్గర వుండక తప్పదు. మనకు సముద్రంతో వున్న పని చూడడం ఒక్కటే. చూడడానికి మైలు దూరంనుంచి నడిచి రావచ్చు. పని వున్నవాడికి వున్న హక్కునూ, చూపు వున్నవాడికి వున్న సరదానూ ఒకే త్రాసులో వేయడం న్యాయం కాదు.

రెండవది: ధర తగ్గించి కొంటే ముప్పుకు లెక్క సరిపోయినట్టే కదా? ముప్పు వున్నచోట ధర తగ్గాలని పుస్తకాల్లో వుంటుంది. వాస్తవంలో నీటికి దగ్గరపడేకొద్దీ గజం ధర పెరుగుతున్నది. ఎందుకు? ఆ ముప్పు ఖర్చు కొనేవాడు భరించడంలేదు గనుక. తెగిన రోడ్డు ప్రజాధనంతో వేస్తారు, గోడ ప్రజాధనంతో కడతారు, ఇసుక ప్రజాధనంతో పోస్తారు. మిగిలినది ఉత్తరపు వూరు భరిస్తుంది. లాభం పట్టాదారుది, నష్టం అందరిది. ఈ సూత్రాన్ని ఫ్యాక్టరీ యజమాని విషయంలో మనం వెంటనే పసికడతాం. మన ప్లాటు దగ్గరకు వచ్చేసరికి అది "మార్కెట్ ధర" అయిపోతుంది.

మూడవది అన్నిటికన్నా పాతది: మనం కొనకపోతే మరొకడు కొంటాడు. కొనవచ్చు. కాని దళారి మన దగ్గరకు ఎందుకు వచ్చాడో ఆలోచించారా? మనకన్నా డబ్బున్నవాళ్లు వున్నారు. ఉపాధ్యాయుల సహకార సంఘం మొదట గేటు పెడితే, రేపు ఆ బాట కోసం జాలారులు తహశీల్దారు కచేరీముందు కూర్చున్నప్పుడు వాళ్ల పక్షాన మాట్లాడే నోళ్లు గేటుకు లోపల వుంటాయి. వాడు కొంటున్నది మన అడ్వాన్సును కాదు, మన మౌనాన్ని.

సాహిత్య పత్రిక గనుక, కరపత్రం భాష గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. ఆ కరపత్రంలో నురగ వున్నది, వెన్నెల వున్నది, ఏకాంతం వున్నది. మనుషులు లేరు, పడవలు లేవు, చేపలు ఆరేసిన వాసన లేదు. ఒకప్పుడు మన భావకవిత్వాన్ని విమర్శిస్తూ, జనంలేని ప్రకృతి వట్టి మిథ్య అని అభ్యుదయ విమర్శకులు వాదించారు. ఆ వాదంలో మనం గెలిచామనుకున్నాం. కవి వదిలిన ఆ నిర్జన సముద్రాన్ని ప్లాట్ల వ్యాపారి ఎత్తుకుపోయి, గజాల చొప్పున మనకే అమ్ముతున్నాడు. కవి నిర్జనమని వూహించి వూరుకున్నాడు. వ్యాపారి దాన్ని నిర్జనం చేసి మరీ అమ్ముతాడు.

వచ్చే నెల సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. ఈ బేరం మానుకోవాలి. జాతీయ రహదారికి పడమటి వైపున, బావి నీరు నిలిచేచోట, ఎవరి బాటా తెగనిచోట, మరొక భూమి వెతకాలి. అక్కడ గజం ధర తక్కువే, మిగిలిన డబ్బుతో మంచి కాంక్రీటు వేసుకోవచ్చు. సముద్రం కావలసినప్పుడు బస్సెక్కి రావచ్చు. ఇది కాదని సభ తీర్మానిస్తే, కనీసం ప్రహరీలో ఆ కాలిబాట వదలాలనీ, రాతిగోడ పద్దు కొట్టివేయాలనీ, ఇసుకదిబ్బలు ముట్టుకోరాదనీ నమోదు చేయమంటాను. అప్పుడు కూడా నా అడ్వాన్సు నేను వెనక్కు తీసుకుంటాను. దళారి దానిని తిరిగి ఇవ్వనంటున్నాడు. అది వేరే తగాదా.

ఓటు వేసేముందు సభ్యులకు నాది ఒక్కటే మనవి. స్థలం చూడడానికి కారులో పోయి, గట్టుమీద నిలబడి, గాలి బాగుందని తిరిగిరావద్దు. ఉత్తరాన వున్న ఆ వూరిదాకా ఇసుకలో నడవండి. సముద్రం ఎంత దూరమని అక్కడివాళ్లను అడగండి. ఏ నెల్లో అని వాళ్లు తిరిగి అడిగితే, దానికి జవాబు మన పత్రంలో వున్నదేమో చూసుకుని, తరువాత చెయ్యెత్తండి.